ఆర్కెస్ట్రాలో చేరే ముందు వాళ్ళ తిరుగు ప్రయాణం చూడు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డిగ్రీ అయిపోయింది, ఆరేళ్ళుగా కీబోర్డ్ వాయిస్తున్నావు, మీ పక్క ఊళ్ళోని చిన్న ఆర్కెస్ట్రా పార్టీ వినాయక చవితి నుంచి సీజన్‌కి రమ్మంటోంది. రాత్రి ప్రయాణాలని అమ్మ భయపడుతోంది, నాన్నగారు "అదేం ఉద్యోగం" అంటున్నారు. వెళ్ళాలా వద్దా, ఆ జీవితం ఎలా ఉంటుంది అని అడిగావు.

నేను రాజమండ్రిలో ఉంటూ 22 ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను. మొదట డోలక్, తర్వాత ప్యాడ్స్ (కరెంటు డ్రమ్ములు) కూడా. గత పదకొండేళ్ళుగా సొంతంగా చిన్న పార్టీ నడుపుతున్నాను. పలాస నుంచి ఒంగోలు దాకా జాతీయ రహదారి మీద ఏ టీ కొట్టు ఎన్నింటికి తెరుస్తారో చెప్పగలను. కాబట్టి నాకు తెలిసినంతవరకు దాచకుండా చెబుతాను.

ముందు ఒక మాట. వాళ్ళు నీకు ప్రోగ్రాం వీడియోలు పంపి ఉంటారు. చూడు, కానీ వాటిని చూసి నిర్ణయం తీసుకోకు. స్టేజీ మీద అందరూ బాగానే ఉంటారు. మధ్యాహ్నం వ్యాన్ ఎక్కేటప్పుడు కూడా అందరూ హుషారుగానే ఉంటారు. ప్రోగ్రాం అయ్యాక, రాత్రి ఒంటిగంటకి కేబుళ్ళు చుట్టి, డబ్బు లెక్కపెట్టుకుని, ఇంటికి చేరేదాకా ఆ ఎనిమిది మందీ ఒకరితో ఒకరు ఎలా ఉంటారన్నదే ఆ పార్టీ. నేను చెప్పబోయేదంతా దాదాపు దీని గురించే.

మీ అమ్మగారి భయం అనవసరమైన భయం కాదు. 2009 మాఘమాసంలో శ్రీకాకుళం అవతల ఒక ఊళ్ళో పెళ్ళి ప్రోగ్రాం. అప్పుడు నేను వేరే పార్టీలో ఉన్నాను. ముగిసేసరికి ఒంటిగంట దాటింది. మర్నాడు సాయంత్రం ఏలూరు దగ్గర ఇంకో ప్రోగ్రాం ఉందని వెంటనే బయల్దేరాం. అనకాపల్లి దాటాక, నాలుగున్నర ప్రాంతంలో వ్యాన్ రోడ్డు దిగి కల్వర్టు గోడని గుద్దింది. మా బేస్ గిటార్ అబ్బాయికి మెడ దగ్గరి ఎముక విరిగింది. నా నుదుటి మీద ఏడు కుట్లు పడ్డాయి. డ్రైవర్ తాగలేదు, వేగంగా కూడా పోలేదు. ఆ మనిషి పొద్దున పదకొండు నుంచి మెలకువగా ఉన్నాడు. మేం వాయిస్తున్నంతసేపూ పడుకోవడానికి చోటు లేక స్టేజీ పక్కనే కుర్చీలో కూర్చున్నాడు. తిరిగొచ్చేటప్పుడు ముందు సీట్లో కూర్చున్నవాడితో సహా మేమందరం నిద్రపోయాం. తప్పంతా మాదే అని ఆ రోజే నాకు తెలిసింది.

సొంత పార్టీ పెట్టినప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ప్రోగ్రాం పెట్టించే ఊరి ఉత్సవ కమిటీ వాళ్ళతో బేరం మాట్లాడేటప్పుడు డబ్బు కంటే ముందు అడిగేది డ్రైవర్ పడుకోవడానికి ఫ్యాన్ ఉన్న గది. అది కూడా స్టేజీ దగ్గర వద్దు, ఊరికి అవతలి చివర కావాలి. స్టేజీ పక్క ఇంట్లో మంచం వేస్తే ఆ బాక్సుల మోతకి ఎవరికీ నిద్ర పట్టదు. సామాను దించగానే ఆయన అన్నం తిని వెళ్ళి పడుకుంటాడు, మేం పిలిచేదాకా లేవడు. తిరిగి వచ్చేటప్పుడు ముందు సీట్లో కూర్చున్నవాళ్ళు పడుకోకూడదు. గంటన్నరకి ఒకరు చొప్పున వంతులు. ఆ సీట్లో గాయకులు కూర్చోరు, ఎందుకంటే రాత్రంతా మాట్లాడుతూ కూర్చుంటే మర్నాటికి గొంతు ఉండదు. డ్రైవర్ "కళ్ళు మండుతున్నాయి" అంటే ఇక చర్చ లేదు. పెట్రోల్ బంకులో వ్యాన్ ఆపి తెల్లారేదాకా పడుకుంటాం. దీనివల్ల రెండుసార్లు మర్నాటి ప్రోగ్రాంకి ఆలస్యంగా వెళ్ళి మాటలు పడ్డాం. పడినా పరవాలేదు.

ఇక డబ్బు. ఊళ్ళో వాళ్ళకి ప్రోగ్రాం మొత్తం ఖరీదే వినపడుతుంది. లెక్క అర్థం కావడానికి 60,000 అనుకో. సౌండు, లైట్లు మనవే అయితే వాటికి 18,000 పోతుంది. బండి, డీజిలు, టోల్ కలిపి 9,000. దారిలో టిఫిన్లు, టీలు, భోజనం 2,500. మిగిలింది 30,500. ఇద్దరు ప్రధాన గాయకులకి 4,000 చొప్పున, ఇద్దరు కీబోర్డు వాళ్ళకి 3,000 చొప్పున, తబలా-డోలక్, ప్యాడ్స్, యాంకర్ తలా 2,500, హెల్పర్‌కి 1,200, డ్రైవర్ బత్తా 1,000. అన్నీ పోను పార్టీ నడిపేవాడి దగ్గర 6,800 ఉంటుంది. అందులోంచే కాలిపోయిన అడాప్టర్లు, తెగిన కేబుళ్ళు, చినిగిన డోలక్ మూతలు. అంకెలు ఊరిని బట్టి, పార్టీ పేరుని బట్టి మారతాయి గానీ పంపకం తీరు దాదాపు ఇదే. కొత్తవాడివి కాబట్టి నీకు మొదటి సీజన్లో సగం చెబుతారు. అది అన్యాయం కాదు. అయితే ఆ సగం ఎప్పుడు ఇస్తారో అడుగు. వ్యాన్ దిగేలోపు చేతిలో పెట్టే పార్టీ మంచి పార్టీ. "సీజన్ అయ్యాక మొత్తం కలిపి ఇస్తాం" అంటే వెళ్ళకు. అలా నమ్మి ఒక ఏడాది 14 ప్రోగ్రాముల డబ్బు నేను పోగొట్టుకున్నాను.

చదివింపుల సంగతి వేరు. పాట మధ్యలో ఎవరో స్టేజీ ఎక్కి 100 కాగితం, 500 కాగితం గాయకురాలి చేతిలో పెడతారు, యాంకర్ ఆ పేరు మైకులో చదువుతాడు. కొన్ని ఊళ్ళలో ఒక్క రాత్రి చదివింపులే మంచి మొత్తం అవుతాయి. పార్టీల్లో గొడవలన్నీ ఇక్కడే మొదలవుతాయి. "నా పాటకి ఇచ్చారు, నాదే" అంటారు పాడినవాళ్ళు. కానీ ఆ పాటకి డోలక్ వాయించినవాడికి చెయ్యి ఖాళీగా ఉండదు కదా, కాగితం వాడికెవరిస్తారు? మా పార్టీలో కీబోర్డు స్టాండు కింద మూతపెట్టిన స్టీలు డబ్బా ఉంటుంది. వచ్చిందంతా అందులో పడుతుంది. తిరుగు దారిలో మొదటి టీ కొట్టు దగ్గర, ట్యూబులైటు కింద, అందరూ చూస్తుండగా లెక్కపెడతాం. డ్రైవర్, హెల్పర్‌తో సహా అందరికీ సమానం. ఆ కాగితాల్లో చాలావాటికి పసుపు అంటుకుని ఉంటుంది, కొన్ని చెమటకి తడిసి మడతలు విడవవు. హెల్పర్ కుర్రాడు తన వాటా తీసుకుని చొక్కా జేబులో పెట్టుకుని జేబు మీద చెయ్యి వేసుకుని నిద్రపోతాడు. పదకొండేళ్ళలో మా పార్టీ నుంచి డబ్బు గొడవతో ఒక్కరూ వెళ్ళలేదంటే ఆ డబ్బానే కారణం అనుకుంటాను.

పని ఏడాదంతా ఉండదని కూడా తెలుసుకో. చవితి తొమ్మిది రోజులు, దేవీ నవరాత్రులు, పెళ్ళిళ్ళు, సంక్రాంతి, భీష్మ ఏకాదశికి అంతర్వేది రథోత్సవం, శివరాత్రి, శ్రీరామనవమి పందిళ్ళు, ఎండాకాలం అమ్మవారి జాతరలు. ఆషాఢం వస్తే, మూఢం వస్తే ఖాళీ. ఆ ఖాళీ నెలల్లో మా వాళ్ళలో ఒకరు సంగీతం ట్యూషన్లు చెబుతారు, ఒకరు ఎలక్ట్రికల్ షాపులో కూర్చుంటారు. 2020 ఉగాది మార్చి 25న వచ్చింది, దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది కూడా ఆ రోజే. శ్రీరామనవమికి తీసుకున్న అడ్వాన్సులన్నీ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి తిరిగి ఇచ్చాను. కొంతమంది కమిటీ పెద్దలు "వద్దులే, వచ్చే ఏడాది చూసుకుందాం" అని నా దగ్గరే ఉంచారు. వాళ్ళ రుణం నేను మరిచిపోను. అందుకే చెబుతున్నాను, దీనితో పాటు ఇంకో ఆదాయం ఏదైనా చూసుకుని దిగు. డిగ్రీ ఉంది, పగటి పూట చేసుకునే పని దొరుకుతుంది.

నీది కీబోర్డు కాబట్టి కరెంటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. స్టేజీ దగ్గరికి వెళ్ళగానే కీబోర్డు ప్లగ్ పెట్టకు. ఎవరు ఎంత తొందరపెట్టినా పెట్టకు. పండుగ పందిళ్ళలో లైను ఎక్కడి నుంచో లాగుతారు, జాయింట్లకి టేపు కూడా సరిగ్గా ఉండదు. మూడు ఫేజుల లైనులో న్యూట్రల్ వైరు ఊడితే, 230 వోల్టులు రావలసిన ప్లగ్గులోకి 300 పైన, ఒక్కోసారి 400 దాకా రావచ్చు. ఒక ఊళ్ళో జనరేటర్ మార్చేటప్పుడు ఇదే జరిగింది. ముందు పందిట్లో బల్బులు ఒక్కసారి తెల్లగా వెలిగాయి. మేం తల ఎత్తి చూసేలోపు రెండు కీబోర్డుల అడాప్టర్లు, సౌండు మిక్సర్ పోయాయి. కాలిన ప్లాస్టిక్ వాసన, జనం ఈలలు. ఆ రాత్రి తబలా, డోలక్, హార్మోనియంతో గంటన్నర నడిపాం. అందుకని ఒక మల్టీమీటర్ కొనుక్కుని సంచిలో పెట్టుకో. ప్లగ్గులో 200 నుంచి 240 మధ్య నిలకడగా ఉందా చూడు. పెద్ద లైట్లన్నీ వేయించి మళ్ళీ చూడు. అప్పుడూ పడిపోకుండా, పెరగకుండా ఉంటే స్టెబిలైజర్ ద్వారా ఇవ్వు. లైను మారుస్తామని ఎవరైనా అంటే ముందు నీ ప్లగ్ తీసెయ్యి. అడాప్టర్ రెండోది, టోన్లు, రిథమ్‌లు ఉన్న పెన్‌డ్రైవ్ రెండోది తప్పకుండా ఉండాలి. ఆ రెండోవి వేరే సంచిలో ఉండాలి, ఒకే సంచిలో ఉంటే రెండూ ఒకేసారి పోతాయి.

కీబోర్డు శ్రుతిని పైకీ కిందికీ మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ మీద ఆధారపడటం కూడా తగ్గించుకో. మా గాయకురాలికి జలుబు చేస్తే "ఈ రోజు ఒక అర శ్రుతి తగ్గించు తమ్ముడూ" అని పాటకి ముందు చెవిలో చెబుతుంది. బటన్ నొక్కితే ఆ పాట అయిపోతుంది గానీ తర్వాతి పాటకి తీసెయ్యడం మరిచిపోతే మొదటి చరణంలోనే అందరి పరువూ పోతుంది. ఏ శ్రుతిలోనైనా వేళ్ళు నడిచేలా సాధన చెయ్యి.

మాఘమాసం రాత్రుళ్ళు మంచు పడేటప్పుడు తబలా పక్కన కూర్చుని చూడు. తొమ్మిదింటికి శ్రుతి చేసిన తబలా పదికల్లా దిగిపోతుంది. చర్మం తేమ పీల్చుకుంటుంది. మా తబలా ఆయన ఇంట్లో కుట్టించిన బొంత తొడుగు వెంట తెచ్చుకుంటాడు. ఆయన వాయించని పాట వచ్చినప్పుడల్లా దాన్ని తొడిగి హాలోజన్ లైటుకి రెండడుగుల దూరంలో పెడతాడు. మళ్ళీ తీసి సుత్తితో తబలా పక్కనున్న చెక్క గట్టాల మీద చిన్నగా నాలుగు దెబ్బలు, చెవి ఆనించి ఒక మీటు. అంత జనంలో, అంత గోలలో ఆయనకి ఆ ఒక్క స్వరం ఎలా వినపడుతుందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఇలాంటి మనుషుల పక్కన కూర్చోవడం కోసమైనా ఒక సీజన్ చెయ్యొచ్చు.

పాడే ఆడవాళ్ళ విషయంలో ఆ పార్టీ ఎలా ఉందో తప్పకుండా గమనించు. లోపల గడియ ఉన్న గది, నీళ్ళున్న బాత్రూమ్ చూపించకుండా సామాను దించకూడదు. "పక్కింట్లో అడుగుతాంలెండి" అంటే కుదరదని చెప్పాలి. తాగిన కుర్రాళ్ళు స్టేజీ ఎక్కుతారు, పాట చీటీ ఇచ్చే నెపంతో చెయ్యి పట్టుకోబోతారు. మా స్టేజీ మెట్ల దగ్గర హెల్పర్ ఉంటాడు, చీటీలు, చదివింపులు అతని చేతికే ఇవ్వాలి. మొదట్లో కమిటీ వాళ్ళు నొచ్చుకున్నారు, ఇప్పుడు వాళ్ళే మైకులో చెబుతున్నారు. తిరిగొచ్చాక పాడిన అక్కని వీధి మొగలో దింపి వెళ్ళిపోవడం ఉండదు. ఇంటి తలుపు తెరుచుకుని, లోపల లైటు వెలిగాకే వ్యాన్ కదులుతుంది. తెల్లవారుజామున మూడింటికైనా, ఐదింటికైనా అంతే. నువ్వు వెళ్ళే పార్టీలో ఇది లేకపోతే, ఎంత బాగా వాయించినా ఆ పార్టీ నీకు వద్దు.

రాత్రి 10 నిబంధన గురించి కూడా విని ఉంటావు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండుగలకి ఏడాదిలో 15 రోజులు మించకుండా ప్రభుత్వం 12 దాకా సడలించవచ్చు. ఇదివరకు శివరాత్రికి తెల్లవార్లూ వాయించేవాళ్ళం, ఇప్పుడు చాలాచోట్ల అలా లేదు. చిక్కేమిటంటే ఏడింటికి మొదలు పెట్టాల్సింది పెద్దమనుషులు వచ్చి, దండలు వేయించుకుని, మాట్లాడి వెళ్ళేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. పదింటికి పోలీసులు వస్తారు. పాటలు ఇంకా ఉన్నాయని జనం మన మీద అరుస్తారు. అందుకని వినాయకుడి ప్రార్థన అవగానే ముందు వరుసలో చాపల మీద కూర్చున్న పెద్దవాళ్ళ కోసం ఘంటసాల గారి భక్తి పాటలు రెండు, తర్వాత ఇళయరాజా గారి రోజుల మెలోడీలు, తొమ్మిదింపావు నుంచి కుర్రాళ్ళ పాటలు. అనుమతి కాగితం కమిటీ దగ్గర ఉందో లేదో బేరం రోజే అడగాలి. లేకపోతే ఠాణా చుట్టూ తిరగాల్సింది మనమే అవుతాం.

ఊరిని బట్టి రుచి మారుతుంది. గోదావరి వైపు తీర్థం అంటారు, గుంటూరు వైపు తిరునాళ్ళు, తెలంగాణలో జాతర. శ్రీకాకుళం వైపు వెళ్తే జానపదాలు అడుగుతారు, అవి రాకపోతే ఒప్పుకోరు. కోటప్పకొండ తిరునాళ్ళలో ఎత్తయిన ప్రభలు, వాటి విద్యుద్దీపాల వెలుగులో ఆ జనం, ఆ హోరు ఒక్కసారి చూశాక నీకు ఈ పని మీద ప్రేమ కలగకపోతే ఇక కలగదు.

చెవులు కాపాడుకో. ఇది ఎవరూ చెప్పరు. 85 డెసిబెల్స్ శబ్దం రోజుకి 8 గంటలకి మించి వినకూడదని, ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగం అవుతుందని లెక్క. అంటే 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. మన స్టేజీ మీద మానిటర్ (మనకి వినపడేలా మన వైపు తిప్పి పెట్టే స్పీకరు) పక్కన రెండున్నర గంటలు కూర్చుంటాం. నా ఎడమ చెవిలో ఎనిమిదేళ్ళుగా సన్నని ఈల ఆగకుండా వినిపిస్తోంది. నిశ్శబ్దంగా ఉన్న గదిలో పడుకుంటే ఇంకా ఎక్కువ. మొదటి నెల వచ్చిన డబ్బులో మంచి ఇయర్‌ప్లగ్స్ కొనుక్కో, ఎవరు ఏమన్నా పెట్టుకో.

తిండి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మన ఊళ్ళలో కళాకారుణ్ణి ఆకలితో పంపే ఇల్లు లేదు. ప్రోగ్రాంకి ముందు తక్కువ తిను, అంతే.

పండుగలు మాత్రం ఇంట్లో ఉండవు. ఇది చిన్న విషయం అనుకోకు. మా ఇంట్లో చవితి పూజ పొద్దున ఐదింటికే చేసుకుంటాం, ఎనిమిదింటికి నేను వ్యాన్ ఎక్కాలి కాబట్టి. మా అమ్మాయి చిన్నప్పుడు ఒకసారి సంక్రాంతి ముగ్గు పక్కన నా పేరు రాసి ఫొటో తీసి పంపింది. ఆ ఫొటో ఇప్పటికీ ఫోన్‌లో ఉంది. పెళ్ళి చేసుకునే ముందు ఈ సంగతి అమ్మాయికి స్పష్టంగా చెప్పాలి.

నాన్నగారికి ఒకటి చెప్పు. ఇళయరాజా గారు 14 ఏళ్ళ వయసులో అన్న పావలర్ వరదరాజన్ గారి బృందంలో చేరి ఏళ్ళ తరబడి ఊరూరా తిరిగారు. 1968లో మద్రాసు వచ్చాక కూడా ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి లైట్ మ్యూజిక్ బృందంలో వాయించారు. అందరూ అంతవాళ్ళు అవుతారని కాదు, నేనూ కాలేదు. కానీ మనుషుల ముందు రాత్రి తర్వాత రాత్రి వాయిస్తే వచ్చే పట్టు ఇంట్లో కూర్చుని సాధన చేస్తే రాదు. మూడో పాటకే జనం నీరసపడుతున్నారని గమనించి, గాయకుడు తల తిప్పి చూడగానే తర్వాతి పాట శ్రుతి పట్టుకోవడం ఏ ఇన్‌స్టిట్యూట్‌లోనూ నేర్పరు.

కాబట్టి నా సలహా, ఒక్క సీజన్ వెళ్ళు. ఒప్పుకునే ముందు వాళ్ళతో ఒక ప్రోగ్రాంకి ఊరికే వెళ్ళి రా, వాయించకుండా. డ్రైవర్ ఎక్కడ పడుకున్నాడో చూడు. చదివింపులు ఎవరి జేబులోకి వెళ్ళాయో చూడు. తిరిగొచ్చేటప్పుడు ముందు సీట్లో ఎవరైనా మెలకువగా ఉన్నారా, పాడిన అక్కని ఎక్కడ దింపారు, ఇవి చూడు. వీలైతే నాన్నగారిని కూడా ఆ వ్యాన్‌లో తీసుకెళ్ళు. మా కొత్త ప్యాడ్స్ అబ్బాయి వాళ్ళ నాన్న ఇలాగే ఒకసారి మాతో వచ్చారు. తిరిగొచ్చేటప్పుడు తుని దగ్గర టీ తాగి, "ముందు సీట్లో నేను కూర్చుంటాను, మీరు పడుకోండి" అన్నారు. రాజమండ్రి వచ్చేదాకా డ్రైవర్‌తో వరి రేట్ల గురించి మాట్లాడుతూనే ఉన్నారు.